మా అంబాసిడరులో లొడలొడ

పాత కారన్నాక చప్పుళ్లుంటాయి. 1980లో మా నాన్నగారు కొన్న అంబాసిడరుకి తలుపొక చప్పుడు, గేరు కడ్డీ ఒక చప్పుడు. వాటికి మేము ఏనాడో అలవాటుపడ్డాం. అయితే 2025 ఆగస్టులో బయలుదేరిన లొడలొడ వాటి వరసలోది కాదు. గోతిలో చక్రం పడితే చాలు, ఇత్తడి బిందెలో గరిటె వేసి ఆడించినట్టుండేది.

పదిహేనేళ్లు దాటిన కారుకి అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి గదా! మాకు నవంబరుతో గడువు. “తూకానికి అమ్మేద్దాం అన్నయ్యా, దాని తయారీ 2014లోనే ఆగిపోయింది” అన్నాడు తమ్ముడు. మాట సబబే. కాని, మా అమ్మకు ఎనభై యేళ్లు, మోకాళ్లు వంగవు. వాడి కొత్త కారులో కూర్చోవాలంటే నూతిలోకి దిగినట్టుంటుందామెకు. అంబాసిడరు సీటు ఎత్తు గనుక, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటుంది. ఆ కారు పోతే ఆమెకు గుమ్మమే పొలిమేర.

మద్రాసులో (ఊరి పేరు 1996లో మారినా మా నోటికి ఇంకా మద్రాసే) ఒక వర్కుషాపు వారికి చూపిస్తే, సైలెన్సరు మార్చి, డబ్బు పుచ్చుకుని పంపించారు. లొడలొడ కూడా మాతోనే ఇంటికి వచ్చింది.

ఇక మా వీధి చివరి ముసలి మేస్త్రీని పిలిచాను. ఆయన పానా పట్టలేదు. ముందు కారు నిలిపి ఇంజను గట్టిగా తిప్పించాడు. చప్పుడు లేదు. అంటే ఇంజనుదీ, పొగగొట్టానిదీ కాదన్నమాట. డిక్కీలోని జాకీ, స్టెప్నీ తీసి కింద పెట్టించాడు. చప్పుడు పోలేదు. మెల్లిగా పోతూ బ్రేకు రవంత నొక్కమన్నాడు. బ్రేకు లోపలివి వదులైతే ఆ నొక్కుకి చప్పుడు ఆగాలట. ఆగలేదు. ఒక్కొక్క అనుమానాన్నీ ఇలా కొట్టివేస్తూ పోవడం నాకు ముచ్చటేసింది. తోచిందల్లా మార్చి చూడడమే వైద్యమనుకునేవారు ఈయన దగ్గర రెండు రోజులు కూర్చోవాలి.

అసలు ఆనవాలు మాత్రం అమ్మ ఇచ్చింది. “నేనెక్కితే ఇది నోరు మూసుకుంటుందేమిట్రా?” అంది. నిజమే! ఆమె ఎప్పుడూ వెనుక, కుడివైపు కూర్చుంటుంది. మేస్త్రీ కళ్లు మెరిశాయి. రెండు బియ్యం మూటలు తెప్పించి ముందు ఎడమవైపు వేయించాడు, లొడలొడ ఉంది. కుడివైపుకి జరిపించాడు, లేదు.

కారు వెనుకభాగాన్ని ఎత్తి, జాకీని నమ్మకుండా ఇనుప స్టాండ్ల మీద నిలిపి, కుడి కమాను కట్ట చివర గడ్డపలుగు పెట్టి కదిపాడు. టక్‌మంది! కమాను కట్టని బండి అడుగుకి కలిపే షాకిల్లో రబ్బరు బుష్‌లుంటాయి. అవి అరిగి, చీలి, అప్పడం ముక్కల్లా అయిపోయాయి. దానితో ఇనుము ఇనుమును కొట్టుకుంటోంది. బరువు పడితే ఆ సందు మూసుకుపోతుంది, చప్పుడూ అణిగిపోతుంది.

పుదుపేట వెళ్లి బుష్‌లు తెచ్చాం. రెండువైపులా మార్చాడు. గ్రీజు రాద్దామా అని తమ్ముడు అడిగితే, గ్రీజు రబ్బరును తినేస్తుందని కసిరి, సబ్బునీళ్లతో తడిపి ఎక్కించాడు. బోల్టులు చివరిసారి బిగించింది మాత్రం చక్రాలు నేలమీద ఆనాకనే. గాలిలో ఉండగా బిగిస్తే, కారు దిగినప్పుడు రబ్బరు మెలిపడి, త్వరగా చీలిపోతుందట.

అక్టోబరులో రిజిస్ట్రేషను అయిదేళ్లకు పొడిగించారు. ఆ శుక్రవారమే అమ్మను తిరువొత్తియూరు గుడికి తీసుకువెళ్లాం. కారు తమ్ముడే నడిపాడు.