ఆ డబ్బు సంచి మోసింది మేమే

పోస్టు పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి. ముఖ్యంగా ఇంటరో ఐటీఐయో అయిపోయి వైజాగ్‌లో గది తీసుకుని ఉన్న తమ్ముళ్లు చదవండి. మొన్న ఒక తమ్ముడు గ్రూపులో "షిప్‌లో డెక్ ఉద్యోగం, నెలలో జాయినింగ్, మూడున్నర లక్షలు" అనే యాడ్ పెట్టి, ఇది నిజమేనా అన్నా అని అడిగాడు. కింద పదిమంది దాకా 'ఇంట్రెస్టెడ్' అని రాశారు. అది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

మేము నలుగురం ఒకే ఆశ్రమ పాఠశాలలో చదివాం, వైజాగ్‌లో ఒకే గదిలో ఉన్నాం. ఇది రాస్తున్నది ముగ్గురం. నాలుగోవాడు తన పేరు రాయొద్దన్నాడు, మిగతాదంతా రాయమన్నాడు.

మనకి సముద్రం కొత్త. ఆర్కే బీచ్‌లో చీకటి పడ్డాక దూరంగా లంగరేసిన ఓడల దీపాలు వరసగా వెలుగుతుంటాయి కదా, మావాడు వాటిని చూస్తూ కూర్చునేవాడు. గాజువాకలో ఒక ఏజెంటు ఉన్నాడని తెలిసింది. మేడ మీద ఆఫీసు, గోడల నిండా ఓడల ఫొటోలు. మూడు లక్షలు కట్టాలన్నాడు. వాళ్లమ్మ డ్వాక్రా లోను తీసింది, నాన్న ఒక జత ఎడ్లు సంతలో అమ్మాడు, మేనమామ కాఫీ పంట మీద ముందే డబ్బు తెచ్చాడు. 1/70 ఉంది కాబట్టి భూమి మాత్రం మిగిలింది, లేకపోతే అదీ పోయేది. ఆ డబ్బు ఊరి నుంచి బస్సులో సంచిలో పెట్టుకుని తెచ్చింది మేము ముగ్గురమే. రసీదు అడిగితే ఏజెంటు "నమ్మకం లేదా తమ్ముడూ" అన్నాడు. నమ్మకం లేనివాళ్లం అనిపించుకోవడానికి సిగ్గుపడి ఊరుకున్నాం.

వాణ్ని విజిట్ వీసా మీద గల్ఫ్‌కి పంపారు. అక్కడ ఒక చిన్న పాత ట్యాంకర్ ఎక్కించారు. మొదటి నెల జీతం సగం వచ్చింది, ఆ తర్వాత ఆగిపోయింది. రోజుకి పదహారు గంటల పని. మూడో నెలనుంచి ఓడ రేవు బయట లంగరేసి ఉండిపోయింది. తాగే నీళ్లు కూడా కొలిచి ఇచ్చేవారట. ఇంటికి పంపమంటే టికెట్ నీదే అన్నారు. ఏడో నెలలో ఇంట్లోవాళ్లు ఇంకో అప్పు చేసి టికెట్ డబ్బులు పంపితే వచ్చాడు. పదకొండు కిలోలు తగ్గాడు.

వాణ్ని రప్పించడానికి తిరుగుతున్నప్పుడే మాకు ఈ చట్టాలు తెలిశాయి. ముందే తెలిసుంటే సంచి మోసేవాళ్లం కాదు.

అన్నింటికంటే ముందు డబ్బు సంగతి. ఓడ పనివాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 2006లో ఒక ఒప్పందం చేసింది, దాన్ని ఎంఎల్సీ అంటారు. 2013 ఆగస్టు 20 నుంచి అమల్లో ఉంది. మన దేశం 2015లో ఒప్పుకుంది. దాని ప్రకారం ఓడలో ఉద్యోగం ఇప్పించినందుకు పనివాడి దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. మెడికల్ సర్టిఫికెట్, సీడీసీ పుస్తకం, పాస్‌పోర్టు ఖర్చులు మనం పెట్టుకోవచ్చు. వీసా ఖర్చు ఓడ యజమానిదే. ట్రైనింగ్ ఫీజు వేరు, అది డీజీ షిప్పింగ్ ఆమోదించిన ఇన్‌స్టిట్యూట్‌కే కడతాం. అంటే "జాయినింగ్‌కి ఇంత" అని ఎవడైనా అన్నాడంటే, ఆ మాటతోనే వాడు చట్టం దాటాడు. మిగతాదేమీ చూడక్కర్లేదు.

రెండోది లైసెన్సు. మన దేశం నుంచి ఓడలకి మనుషుల్ని పంపే కంపెనీకి డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ కంపెనీల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మాకు గాజువాక వెళ్లే దారి తెలుసు గానీ ఫోన్లో ఆ జాబితా తెరవాలని తెలీదు. సీడీసీ కూడా అంతే. మావాడికి మన ప్రభుత్వం ఇచ్చే సీడీసీ కాకుండా ఏదో దేశం పేరున్న పుస్తకం చేతిలో పెట్టారు. ఓడ ఉద్యోగానికి విజిట్ వీసా మీద వెళ్లమన్నారంటే అక్కడే ఆగిపోవాలి.

ఒప్పందం కాగితం గురించి కొంచెం చెప్పాలి. ఓడ ఎక్కేముందు ఆ కాగితం చదువుకోవడానికి, తెలిసినవాళ్లకి చూపించడానికి టైమివ్వాలి. సంతకాలయ్యాక ఒక కాపీ మన దగ్గర ఉండాలి. అందులో యజమాని పేరు, చిరునామా, జీతం, సెలవు, ఇంటికి పంపే షరతులు అన్నీ ఉండాలి. మావాడి కాగితంలో యజమాని పేరు దగ్గర ఏజెంటు పేరే ఉంది.

పని గంటల్లో వాడు చెప్పినదానికి మాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. చట్టం ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. దానికి ఒక రికార్డు ఉంటుంది, పనివాడు సంతకం పెట్టాలి. వీడి ఓడలో నెలాఖరున అందరికీ పది గంటలు విశ్రాంతి అని రాసేసి సంతకాలు పెట్టించుకునేవారట. ఉపాధి హామీ మస్టర్లు చూసిన మనకి ఇది కొత్తేం కాదు. ఓడలో కూడా మస్టరే. అందుకే మీ గంటలు మీరే ఒక చిన్న పుస్తకంలో రోజూ రాసుకోండి.

ఇంకొకటి, మాకు బాగా కోపం తెప్పించింది. రెండు నెలల జీతం ఇవ్వకుండా యజమాని చేతులెత్తేస్తే, చట్టం లెక్కలో ఆ పనివాణ్ని వదిలేసినట్టే. 2017 జనవరి నుంచి ఇలాంటి వాటికోసం యజమాని ముందే బీమా లాంటి హామీ పెట్టాలి. దాన్నుంచి నాలుగు నెలల దాకా బాకీ జీతం, తిండి, నీళ్లు, ఇంటికి టికెట్ రావాలి. ఆ సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనిపించేచోట అంటించాలి. అంటే మావాడి టికెట్ కోసం వాళ్లమ్మ అప్పు చేయాల్సిన పనే లేదు. వాడి ఓడలో ఆ కాగితం ఎక్కడా లేదు. ఉండాలని వాడికీ తెలీదు.

వదిలేయడమంటే ఎంతదాకా పోతుందో చూడండి. అమన్ అనే ఓడ 2017లో ఈజిప్టులో ఆగిపోయింది. అందులో పనిచేసే మొహమ్మద్ ఆయిషా అనే సిరియా నావికుణ్ని అక్కడి కోర్టు ఆ ఓడకి సంరక్షకుడిగా పెట్టింది. ఆ కాగితం అర్థం ఏంటో తెలియకుండానే సంతకం పెట్టాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోయారు, ఇతను దిగడానికి లేదు. చివరికి ఒక్కడే, కరెంటు లేని ఓడలో. ఫోన్ చార్జింగ్‌కి ఒడ్డుకి ఈదుకుంటూ వెళ్లేవాడు. 2021 ఏప్రిల్‌లో ఇంటికి చేరాడు. ఒక్క సంతకం.

మరి చట్టం ఇంత బాగుంటే ఇవన్నీ ఎందుకు జరుగుతున్నాయంటారా? ఓడ యజమాని ఒక దేశం, జెండా ఇంకో దేశం, మనుషులు మనలాంటి వేరే దేశాల నుంచి. పనామా, లైబీరియా జెండాల మీద వేల ఓడలు తిరుగుతున్నాయి, వాటిలో ఎక్కువ యజమానులు అక్కడివాళ్లు కారు. ఎవర్ని అడగాలో తెలియకుండా పోతుంది. అందుకే ఐఎంఓ నంబర్ రాసి పెట్టుకోండి. ఓడ పేరు, జెండా మార్చేస్తారు గానీ ఆ ఏడంకెల నంబర్ మారదు. అదుంటే ఇంటి దగ్గరున్న మనం కూడా ఈక్వాసిస్ అనే సైట్లో ఓడ ఎవరిదో వెతకొచ్చు. డీజీ షిప్పింగ్‌కి, ఐటీఎఫ్ అనే అంతర్జాతీయ యూనియన్‌కి రాయాలన్నా అదే ముందు అడుగుతారు. మేము ఓడ పేరొక్కటి పట్టుకుని నెల రోజులు తిరిగాం.

ఏజెంటు మీద కేసు పెట్టాం. రసీదు లేదు కాబట్టి డబ్బిచ్చినట్టు సాక్షులం మేమే. ఇంకా నడుస్తోంది.

మావాడు మళ్లీ ఓడే ఎక్కుతానంటున్నాడు. పని నచ్చిందట, సముద్రం నచ్చిందట, మోసమే నచ్చలేదట. ఈసారి ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు పద్ధతిగా చేస్తానంటున్నాడు. వాళ్లమ్మ ఒప్పుకోవట్లేదు. ఆమెకి నచ్చజెప్పమని మమ్మల్ని అడిగితే ఏం చెప్పాలో తెలీక ఇంకా ఊరికి వెళ్లలేదు.

నిన్న తమ్ముడు పెట్టిన యాడ్‌లో నంబర్‌కి మేమే ఫోన్ చేశాం. "సార్, మీ ఆర్పీఎస్ఎల్ నంబర్ చెప్పండి" అన్నాం. లైన్లో ఉండమన్నాడు. కాసేపటికి కట్ అయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.