లోడు రాత్రి నేర్చుకున్న పాఠం



మా క్షేమసమాచారం రాసి చాలా రోజులైంది. రెండు నెలలుగా మేమిద్దరం కడియపులంక దగ్గర ఒక నర్సరీలో ఒంటిపూట పనికి వెళ్తున్నాం. ఉదయం ఆరింటికి వెళ్లి పదకొండింటికి వచ్చేస్తాం. లోడు లెక్కలు పాస్టరమ్మగారివి, కవర్లలో మట్టి నింపడం పాస్టరుగారిది. మా ఇంట్లో లెక్క బాగా వచ్చింది ఆవిడకే మరి!

అమ్మాయి చదువు ఖర్చు పెరిగింది. సంఘంలో ఎక్కువమంది కూలి చేసుకునేవారే. వారి కానుకల మీద ఇంకా బరువు వేయడానికి మాకు మనసొప్పలేదు. ఒక పెద్దాయన మాత్రం, "అయ్యగారూ, మీరు మట్టి పట్టుకుంటే మా పరువేం కావాలండీ?" అన్నారు. కొరింథులో పౌలు అకుల ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టాడు కదా అని (అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం) గట్టిగానే జవాబు చెప్పాం. కానీ నిజం ఒప్పుకోవాలి. మొదటి వారం రోడ్డు మీద తెలిసినవాళ్లు కనబడితే తలగుడ్డ ముఖం మీదికి లాక్కున్నాం.

మా సంఘంలో ఒక విధవరాలు ఉంది. ఆమెదీ నర్సరీ పనే. ఆదివారం ఎప్పుడూ ఆలస్యంగా వచ్చి చివర కూర్చుంటుంది. "లోకం పనికి టైముంటుంది, దేవుని సన్నిధికి ఉండదు" అని మేము ప్రసంగంలో ఎన్నోసార్లు దెప్పాం.

పోయిన నెల ఒక శనివారం పై రాష్ట్రం వెళ్లే లారీ రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. మనుషులు చాలక మమ్మల్నీ ఉండమన్నారు. మొక్కలన్నీ ఎక్కించేసరికి మూడయింది. ఆ ఉదయం ఆరాధనలో ప్రార్థనకు మూసిన కళ్లు నిద్రకు మూతపడ్డాయి. ఎవరో దగ్గితే మెలకువ వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఆమె నవ్వి, "మీరు తిట్టింది నన్నని నాకు తెలీదండి అయ్యగారూ. అప్పటికి నిద్రలో ఉండేదాన్ని" అంది. మాకు నవ్వు రాలేదు.

రాత్రిళ్లు పడుకునేముందు అరగంట పుస్తకం చదువుకుంటున్నాం. ఒకరు పైకి చదువుతారు, నడుము వాల్చిన వారు వింటారు. ఇప్పుడు జాషువాగారి గబ్బిలం నడుస్తోంది. 1941లో వచ్చిన కావ్యం. గుడిలోకి రానివ్వని పేదవాడు, గుడిలో తిరిగే గబ్బిలంతో తన బాధ శివునికి చెప్పి పంపుతాడు. ఆ కవి కూడా పొట్టకూటికి మన రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పే పని చేశారు. వింటూ మేము ఆలోచనలో పడ్డాం. మా మందిరం తలుపులు తెరిచే ఉన్నాయి. అయినా మా మాటలతో ఆమెను గుమ్మం దగ్గరే నిలబెట్టలేదా?

చెరసాలలో ఉన్న పౌలు తిమోతికి రాస్తూ అంగీతో పాటు పుస్తకాలు కూడా తెమ్మన్నాడు (2 తిమోతి 4:13). ఒంటికి చలి ఉన్నట్టే మనసుకూ ఆకలి ఉంటుందని ఇప్పుడు అర్థమవుతోంది.

సంఘపెద్దలతో మాట్లాడి ఆదివారం ఆరాధన పదింటి నుంచి పదకొండింటికి మార్చాం. మొన్న ఆమె పాట మొదలవకముందే వచ్చింది, తలస్నానం చేసి, ముందు వరుసలో కూర్చుంది.

ప్రియులారా, ఆలస్యంగా వచ్చేవారిని చూసినప్పుడు వారి రాత్రి ఎలా గడిచిందో ఒకసారి అడగండి. మా కోసం ప్రార్థించండి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.