పార్టు నంబరుతో బేరం

కారు విడిభాగం కొనడం పార్టు నంబరుతో మొదలవుతుంది. ఒకే మోడల్‌లోనూ తయారైన ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి బ్రేక్ ప్యాడ్లు మారిపోతుంటాయి. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు చెబితే షోరూం స్పేర్స్ కౌంటరులో సరైన పార్టు నంబరు తీసి ఇస్తారు. అది చేతిలో ఉంటే విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు కొట్లు తిరిగి ధర కనుక్కోవచ్చు.

పెట్టె మీది ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. పైన జీఎస్టీ అడిగితే ఇవ్వనక్కర్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలపై జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28.

కార్ల కంపెనీలు చాలా భాగాలను సొంతంగా తయారుచేయవు. బాష్ లాంటి సరఫరాదారులు తమ పేరుతోనూ అమ్ముతారు, తరచుగా తక్కువ ధరకే. అవి నకిలీలు కావు.

అసలు చిక్కు ఆయిల్ ఫిల్టర్‌తో. నకిలీది పైకి అచ్చం అలాగే ఉంటుంది. రంధ్రాల్లోంచి చూస్తే లోపల రబ్బరు వాల్వు కనిపిస్తుంది. అది మెత్తగా, సాగేలా ఉండాలి. బిరుసెక్కితే రాత్రంతా ఆయిల్ కిందికి జారిపోయి, పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ కాసేపు టకటకలాడుతుంది. మెకానిక్ పెట్టె లేకుండా తెచ్చిన ఫిల్టర్ అయితే ఈ పరీక్ష మరీ అవసరం. బిల్లు మీద పార్టు నంబరు రాయించుకుంటే తిరిగి ఇవ్వడం తేలిక.