చూచివ్రాత

వ్రాత నేర్పుటకంటె సులభమైన పని మఱియొకటి లేదని నేను ఇరువదియొకటవ యేటివఱకు నమ్మియుంటిని. సంస్కృతము చదివితిని, ఆంగ్లము చదివితిని, దస్తూరి చక్కనిదని ఇంటిలోను కళాశాలలోను పేరు తెచ్చుకొంటిని. బిడ్డచేతికి బలపమిచ్చి, ఆ చేతిని మన చేతితో పట్టుకొని, పలకమీద నాలుగుమారులు దిద్దించుటకు ఇంతకుమించిన పాండిత్యమెందులకని, ఉపాధ్యాయశిక్షణలో చేరిన క్రొత్తలో నాలో నేను నవ్వుకొనుచుండెడివాడను. 2003వ సంవత్సరము చివరను, పాలమూరు జిల్లాలోని యొక పల్లెబడికి నలువది దినముల బోధనాభ్యసనమునకై నన్ను పంపిరి. ఆ నవ్వు మొదటి వారమైనను నిలువలేదు.

శిక్షణలో మాకు చెప్పినదానిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. శ్రవణము, భాషణము, పఠనము, లేఖనము అని నాలుగు నైపుణ్యములు. వానికి లక్ష్యములు, స్పష్టీకరణములు. ఇవియన్నియు నింపుటకు గడులు గీసిన యొక దొడ్డపుస్తకము. రాత్రి రెండుగంటలు కూర్చుండి దానిని నింపెడివాడను. అందలి నా దస్తూరిని చూచుకొని ఇప్పటికిని మురియుదును. పిల్లలు చేయవలసిన పనికి కేటాయించిన గడిలో మాత్రము ప్రతిదినమును ఒకే వాక్యము: నల్లబల్లపై నున్నదానిని విద్యార్థులు చూచి వ్రాయుదురు.

నిజముగనే వ్రాసిరి. నాకిచ్చినది మూడవ తరగతి. దసరా దాటినందున కొన్ని కుటుంబములు పనులకై వలసపోయియుండెను. హాజరుపట్టికలో ముప్పదియొక్క పేర్లున్నను బడిలో ఇరువదిముగ్గురే. వారిలో మొదటివరుసలో కూర్చుండు నొక బాలుడు అచ్చు గ్రుద్దినట్లు వ్రాసెడివాడు. వాని పుస్తకమును చూపి తక్కినవారిని మందలించెడివాడను. ఒకనాడు తొందరలో నల్లబల్లమీద ‘పుస్తకము’ అను మాటకు తవత్తు మఱచితిని. ఇరువదిమూడు పుస్తకములలోను ‘పుసకము’ అనియే దిగినది. ఒక్కరికైనను సందేహము కలుగలేదు, ఒక్కరైనను నన్నడుగలేదు. ఆ ముత్యాలదస్తూరి బాలుని పిలిచి, “ఏం రాసినవురా?” అంటిని. వాడు కొంచెము ఆలోచించి, “బోర్డు రాసిన సారూ” అనెను.

పాఠము వ్రాయలేదు, మాట వ్రాయలేదు, బోర్డు వ్రాసినాడు. ఇంతకంటె నిజమైన ఉత్తరము నాకెవ్వరు నియ్యలేదు.

ఆ బడిలో ఒకటవ తరగతి చూచుకొను ఉపాధ్యాయిని ఉద్యోగవిరమణకు దగ్గఱపడిన యామె. ఆమె పిల్లలచేత అ, ఆలు దిద్దించుటలేదని చూచి నేను మొదట లోలోపల చిరాకుపడితిని. మన వర్ణమాలను గూర్చి గర్వించుట సంస్కృతము చదివినవారికి సహజము. కంఠమున బయలుదేరి, తాలువు, మూర్ధము, దంతములు దాటి పెదవులకు చేరు ఆ క్రమమును కూర్చినవారు ధ్వనిని ఎంత సూక్ష్మముగా పరిశీలించిరో తలచుకొన్న ఆశ్చర్యము కలుగును. కాని అది నోటికొఱకును చెవికొఱకును ఏర్పడిన క్రమము. పాణినీయశిక్షలో అధమపాఠకులను ఆఱుగురిని లెక్కించి, వ్రాసియున్నదానిని చూచి చదువువానిని గూడ వారిలో చేర్చినారు. వ్రాతయనిన వారికంతటి చిన్నచూపు. అట్టివారు కూర్చిన వరుసలోనే పసిచేతిని నడిపింపవలెనని మనము పట్టుపట్టుట యెందులకు? ఆ వరుసలో ఏడవది ఋ, ఎనిమిదవది ౠ. ఆ మెలికలు పెద్దవారికే తడబాటు. ఆమె పద్ధతి వేఱు. ముందు సున్నలు, అర్ధచంద్రములు, తలకట్లు; పిదప ర, గ, ద, డ, ట, ప, వ, మ. ప వచ్చిన చేతికి వ దగ్గఱ. వ వచ్చిన చేతికి మ దగ్గఱ. ఒక సున్న కలిసినచో గంప, పంట, వంట. సున్న లేకయే గద, పడవ, మడమ. పదియక్షరములు రాకమున్నే బిడ్డచేతికి ఒక గంపయు ఒక పడవయు దొరకినవి. నోటికి ఒక క్రమము, చేతికి మఱియొక క్రమము అని ఆమె యేనాడును సూత్రీకరింపలేదు. ఆ మాట నాది. ఆమె చేసి చూపినది.

ఆమె మొదటి నెల పలకగూడ ఇయ్యదు. బడివెనుక ఇసుక పోయించి అందు వ్రేలితో వ్రాయించును. ఇది మన పాతవీధిబడుల యలవాటే. 1789 నుండి మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమమునకు అధికారిగా నుండిన ఆండ్రూ బెల్ అను నాతడు, ఇచ్చటి బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి తన బడిలో ప్రవేశపెట్టి, ఆ ప్రయోగమును గూర్చి 1797లో లండనులో పుస్తకము ప్రకటించెను. ‘మద్రాసు పద్ధతి’ అని అక్కడ పేరువచ్చినది. ఇసుక చవుకయని సీమవారు మెచ్చుకొనియుందురు. దానికున్న మఱియొక గుణము నాకు కొంత ఆలస్యముగా తెలిసినది: ఇసుకలో తప్పు నిలువదు.

ఇక నా తప్పు చెప్పవలెను.

మూడవ వారమున, ‘మీ యింటి ముచ్చట యేదైన వ్రాయుడు’ అని పిల్లలకు పని యిచ్చితిని. సగముమంది పాఠ్యపుస్తకము తెఱచి అందలి పాఠము వ్రాసిరి. కొందఱు తమ పేరు, తండ్రి పేరు, ఊరి పేరు వ్రాసి ఊరకుండిరి. చివరివరుసలో గోడనానుకొని కూర్చుండు నొక బాలిక, అంతవఱకు నాతో ఒక్కమాటయు మాటలాడనిది, ఐదు వాక్యములు వ్రాసి తెచ్చినది:

“మా మ్యాక ఈనింది. రొండు పిల్లలు. ఒగటి సచ్చింది. అమ్మ ఏడ్సింది. నేను ఏడ్వలే.”

నేను ఎఱ్ఱకలము తీసితిని. మేక, రెండు, ఒకటి, మరణించినది, ఏడ్చినది, ఏడువలేదు. ఐదు వాక్యములలో ఆఱు దిద్దుబాట్లు. క్రింద ‘అక్షరదోషములు సవరించుకొనుము’ అని వ్రాసి సంతకము చేసితిని, తేదీకూడ వేసితిని. శ్రద్ధతో చేసితిననియే నా నమ్మకము. తక్కినవారి పుస్తకములలో దిద్దుటకేమియు లేకుండెను, వారు చూచి వ్రాసిరి గనుక.

మఱుసటివారము ‘మీకిష్టమైన జంతువు’ అని యిచ్చితిని. ఆ బాలిక ఆవును గూర్చి వ్రాసినది. ఆవు సాధుజంతువట, దానికి నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక గలవట, పాలిచ్చునట. ఒక్క తప్పైనను లేదు. వారి యింట ఆవు లేదు. ‘బాగున్నది’ అని ఎఱ్ఱసిరాతోనే వ్రాసి, నా బోధనకు ఫలితము కనబడెనని సంతోషించి, ఆ పుస్తకమును పెద్దయుపాధ్యాయినికి చూపితిని. ఆమె ఆవుపుటను చూచి, దాని ముందుపుటను త్రిప్పి, చాలసేపు చూచి, “సారూ, మ్యాకపిల్ల ఎట్ల సచ్చిందో పిల్లను అడిగిన్రా?” అనెను.

“లేదు మేడం” అంటిని.

“అది మీకు చెప్పనీకె రాసింది. మీరు దస్కతు చేసి ఇచ్చిన్రు.”

కోపముతో ననలేదు. పుస్తకము నా చేతికిచ్చి తన తరగతికి పోయినది.

ఆ రాత్రి దొడ్డపుస్తకము నింపలేదు. ఆ ఐదు వాక్యముల ఎదుట కూర్చుంటిని. ‘మ్యాక’ అని ఏ పాఠములోను లేదు. ఏ నల్లబల్లమీదను లేదు. తల్లినోట విన్న మాటను తనలో పలుకుకొని, అది ‘మే’ కాదు, మకారమునకు యవత్తు, ఆపై దీర్ఘము అని నిర్ణయించుకొని ఆ బిడ్డ తానే కట్టినది. ‘ఏడ్సింది’లో డకారము క్రింద సవత్తు! వత్తులు నేర్పు అట్టలలో అట్టి జంట నాకెన్నడును కనబడలేదు. ఇరువదిముగ్గురిలో వ్రాయుట వచ్చినది ఆ యొక్కదానికే. ధ్వనిని విడదీసి, ఒక్కొక్కదానికి గుర్తు వెదకి, మరల కూర్చుట గదా వ్రాతయనగా? ప్రాతిశాఖ్యములు చదివితినని చెప్పుకొను నేను, నా కన్నులయెదుట జరిగిన ఆ పనిని దోషమని కొట్టివేసితిని. ‘సచ్చింది’ అను మాటను కొట్టి ‘మరణించినది’ అని వ్రాసినదైతే మఱియు సిగ్గుచేటు. మేకపిల్ల మరణించునా? మహారాజులు మరణింతురు.

పాఠకులు నవ్వుకొనవచ్చును, ఇది చెప్పుచున్నవాడు గ్రాంథికములోనే చెప్పుచున్నాడు. ఒప్పుకొందును. ఇది నేను పెరిగిన యింటిభాష, నాకు చేతికి వచ్చునది. ఆ బాలికకు వచ్చునది ఆమె యింటిభాష. పిల్లలకు వాడుకలోనున్న పలుకులోనే చదువు చెప్పవలెనని గిడుగు రామమూర్తిపంతులు (1863–1940) పోరాడిన పోరాటము నేను పరీక్షకొఱకు చదివి, మార్కులు తెచ్చుకొని మఱచితిని. పలుకుబడుల భాష కావలెనన్న కాళోజీ నారాయణరావు 2002లోనే, నేను ఆ పల్లెకు పోవుటకు ముందటియేడే కన్నుమూసెను. 2014 నుండి ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9న తెలంగాణభాషాదినోత్సవము జరుపుకొనుచున్నాము. ఆ దినమున బడులలో ఉపన్యాసములిచ్చి మఱునాడు ‘మ్యాక’కు ఎఱ్ఱగీత గీయు మిత్రులు నాకున్నారు. మేక అని నేర్పవద్దనుట లేదు. నేర్పవలసినదే; పత్రిక చదువవలెను, అర్జీ వ్రాయవలెను, పట్నములో నెగ్గవలెను. అది ఎప్పుడు నేర్పవలెననునదే ప్రశ్న. బిడ్డ తన పిల్ల చచ్చినదని చెప్పుచున్న ఘడియలో కాదు.

మిగిలిన దినములలో నేను చేసినది గొప్పగా చెప్పుకొనదగినది కాదు. పుస్తకములు మూయించి పలకలు తీయించితిని. ప్రొద్దున పిల్లలలో నొకరు ఒక ముచ్చట చెప్పుట, వారు చెప్పినట్లే నేను నల్లబల్లపై వ్రాయుట, తరగతియంతయు దానిని చదువుట. తమ నోటి మాట బోర్డుపైకి ఎక్కుట చూచి వారు మొదట సిగ్గుపడిరి, పిదప ఒకరినొకరు త్రోసికొనుచు ముందుకు వచ్చిరి. ఒకనాడొక పిల్లవాడు ప్రక్కవాని తాత కల్లు త్రాగి బావిగట్టున పడిన ముచ్చట చెప్పెను. నేను వ్రాసితిని. ఆ తాత మధ్యాహ్నమునకు బడికి వచ్చెను. ప్రధానోపాధ్యాయుడు నా తరపున క్షమాపణ చెప్పి, ఇకమీదట తాతలను గూర్చి వ్రాయింపవలదని నాకు ఉత్తరువిచ్చెను.

ముత్యాలదస్తూరి బాలుడు మాత్రము చాల కష్టపడెను. చూచుటకు ఏమియు లేనప్పుడు వాని చేయి కదలదు. తప్పు వ్రాసెదనేమోనని వానికి భయము. వానిని ఆ స్థితికి తెచ్చినది మేము, వాని ముందటి వారును నేనును. నలువది దినములు ముగియులోపల వాడు సొంతముగ వ్రాసినది రెండే మాటలు: “నాకు ఆకలి”.

న్యూజిలాండులో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్ అను నామె 1963లో ప్రకటించిన ‘టీచర్’ అను పుస్తకము కొన్నియేండ్ల తరువాత ఆబిడ్సు వీధిప్రక్క ఆదివారపు పాతపుస్తకములలో నాకు దొరకినది. ఆమె ప్రతి బిడ్డను నీకే మాట కావలెనని అడిగి, ఆ మాటను అట్టముక్కపై వ్రాసి యిచ్చెడిదట. భయమునుండియో ప్రేమనుండియో పుట్టిన మాటయైనచో బిడ్డ ఒక్కసారి చూచి గుర్తుపెట్టుకొనునని ఆమె యనుభవము. చదువుచు, మా పల్లెబడిలో ఆ పెద్దామె ఏ పుస్తకమును చదువకయే ఇందు సగము చేయుచుండెను గదా యనుకొంటిని.

ఇరువదియేండ్లుగా నేను ఎఱ్ఱకలము వాడను. దీనివలన నాకు వచ్చిన పేరు, పిల్లల పుస్తకములు దిద్దని సోమరి యని. తనిఖీకి వచ్చినవారు ఎఱ్ఱసిరా లేదేమని అడుగుదురు. తల్లిదండ్రులును అడుగుదురు, వారి ఆందోళన నాకు తెలియకపోలేదు. తాము చదువనందున బిడ్డ చదువునకు కంటికి కనబడు సాక్ష్యము వారికి ఆ గీతలే. చదువుకొన్న గృహస్థులతోనే నా వ్యాజ్యము. మూడేండ్ల బిడ్డచేత నాలుగు గీతల పుస్తకములో పుటకు ఇరువదిమారులు ఒకే యక్షరము దిద్దించి, వ్రేళ్లు నొచ్చి ఏడ్చిన, “చదువంటే అంతే” అనువారు మనలో లేరా? 2020 నాటి జాతీయవిద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వఱకును ఒకే పునాదిదశగ నెంచి, ఆటపాటలతో నేర్పుమనినది. అంతకు ఎన్నియో యేండ్లముందే గాంధీమహాత్ముడు తన ఆత్మకథలో, తన దస్తూరి చెడ్డదైనందులకు సిగ్గుపడుచు, బిడ్డలకు వ్రాతకంటె ముందు బొమ్మలు గీయుట నేర్పవలెనని చెప్పియున్నాడు. వాకిట ముగ్గువేయు తల్లిప్రక్క కూర్చుండి తానొక వంకరముగ్గు వేసిన పిల్లకు చేయి అప్పటికే సగము కుదురును. ఆ ముగ్గును తుడిచివేసి సరిగా వేయుటకు తల్లి తొందరపడకున్న చాలును.

ఆ బాలిక నాతో మాటలాడుటకు పదిదినములు పట్టినది. మేకపిల్ల ఎట్లు చచ్చినదని నేనడిగినప్పుడు తలవంచుకొని పోయినది. అడుగుట ఆలస్యమైనదని ఆమెకును తెలియును. పిదప ఒకనాడు పలక తెచ్చి నా బల్లమీద బోర్లించి పోయినది. త్రిప్పి చూచితిని: “సలికి”. చలికి చచ్చినది. నేను క్రింద “రెండో పిల్ల బాగున్నదా?” అని వ్రాసి పలక వాపసు చేసితిని. అట్లు ఐదాఱుమారులు ఆ పలక మాయిద్దఱి నడుమ తిరిగినది.

ఆఖరి దినమున ఆ వ్రాతపుస్తకమును ఒకసారి తెమ్మంటిని. ఆ పుటను చింపివేసెదనో, ఉంచుకొనెదనో నాకే తెలియలేదు. బాలిక నావైపు చూచి, “లేదు సారూ, మ్యాక తిన్నది” అనెను.

“ఏ మేక? తల్లా, పిల్లా?”

“పిల్లకు కాయితం తినుడు రాదు సారూ. పాలే తాగుతది.”

ఆ మాటనే పలకమీద వ్రాయుమంటిని. మొదలుపెట్టినది. అక్షరములు పెద్దవి, ఒక ప్రక్క చాలలేదు. అడుగకయే త్రిప్పి రెండవప్రక్క వ్రాయసాగినది.