నడుమ చోటు

మా నాన్నగారు శ్రీరాంపూరులో వైద్యులు. 1971లో ఆయన ఒక అంబాసిడరు కారు కొన్నారు. కొన్నారనడం కన్న, డబ్బు కట్టి ఏండ్ల తరబడి నిరీక్షించి సంపాదించారనడం సబబు. ఆ రోజులలో కారు కావాలన్న వానికి ధనముతోపాటు సహనము కూడ ఉండవలసివచ్చేది. విచిత్రమేమంటే, ఆ కార్లు తయారయ్యే కార్ఖానా మా ఊరికి పది కిలోమీటర్ల దూరములోనే, ఉత్తరపాడాలో ఉండేది. దాని పేరిట హింద్‌మోటార్ అని ఒక రైలు స్టేషను కూడ ఉన్నది. పొరుగింటి చెట్టు కాయ మా చేతికి రావడానికి అన్ని ఏండ్లు పట్టినది.

ఆ కారు ముందు సీటు ఈ తలుపునుండి ఆ తలుపువరకు ఒకటే బల్ల. గేరు రాడ్డు నేలమీద కాక స్టీరింగు కంబానికి ఎడమప్రక్కన ఉండేది గనుక, నడుమ కూర్చున్నవారి కాళ్లకు అడ్డమేదీ లేదు. కుడివైపు నాన్నగారు, ఎడమ కిటికీ దగ్గర అమ్మ, నడుమ మా చెల్లెలు. వెనుక సీటంతా నాది. అది నాకు రాజ్యమువలె కాక ప్రవాసమువలె తోచేది. చెల్లెలికి అప్పుడు ఐదేండ్లు. నాన్నగారు గేరు మార్చేటప్పుడు ఆమె తన చిన్న చేతిని ఆయన చేతిమీద వేసేది. కొన్నాళ్లకు ఇంజను ధ్వనిని బట్టి, "ఇప్పుడు, బాబా!" అని ముందుగా చెప్పడం నేర్చుకొన్నది. చాలసార్లు ఆమె మాటే సరియైనది. నేను వెనుకనుండి ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకా చెవి అబ్బలేదు.

1998లో నాన్నగారు పోయారు. ఇల్లూ కారూ నాకు వచ్చినవి. చెల్లెలు తన భాగము కోరలేదు. ముందు పెట్టిన కాగితముమీద చదువకుండానే సంతకము చేసినది. చదువమని నేనూ అనలేదు. ఈ సంగతి ఇక్కడ చెప్పకపోతే తరువాతి కథ అర్థము కాదు గనుక చెప్పుచున్నాను.

పాత అంబాసిడరుకు నాలుగు గేర్లు. మొదటి గేరుకు పళ్లను సమవేగానికి తెచ్చే ఏర్పాటు లేదు. బండి పూర్తిగా ఆగితే తప్ప మెత్తగా పడదు, తొందరపెడితే పళ్లు కొరుకుతుంది. నాలుగవ గేరులో ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే వెనుకకు పోయే షాఫ్టూ అన్నే చుట్లు. గ్రాండ్ ట్రంకు రోడ్డుమీద రిక్షాల మధ్య పోయే కాలములో అంతకన్న కావలసినది లేదు. దుర్గాపూరు ఎక్స్‌ప్రెస్ మార్గముమీద గంటకు ఎనభై కిలోమీటర్ల వేగమున గంటసేపు పోతే మాత్రము ఆ ఇంజను ఆర్తనాదము వినలేము. అయినను ధ్వనికి నేను ఓర్చుకొనేవాడినే. ఓర్చుకోరానిది మరొకటి జరిగినది. స్టీరింగునుండి గేరుబాక్సువరకు పోయే కడ్డీలూ వాని కీళ్లూ నలభై ఏండ్లలో అరిగిపోయినవి. 2011లో డాన్‌కుని దగ్గర గేరు మార్చబోతే రెండు గేర్లు ఒక్కసారే పట్టుకొని బండి నడిరోడ్డుపై బిగిసిపోయినది. వెనుక వచ్చుచున్న లారీ మూరెడు దూరములో ఆగినది. నా భార్య ప్రక్కనే ఉన్నది. ఇంటికి చేరినదాక ఆమె మాటాడలేదు. చేరిన తరువాత, "ఇక ఈ బండిలో నేనెక్కను" అని ఒక్కటే మాట అన్నది.

అమెరికాలో 1960లనాటి పెద్ద ఇంజన్ల కార్లకు, మజిల్ కార్లని వారు ముద్దుగా పిలిచేవానికి, నేటి ఐదు గేర్ల బాక్సులు అమర్చుకొనే వేడుక ఉన్నది. వాని నాలుగవ గేరూ మా దానివంటిదే, బాధా అదే. అక్కడ ఈ పనికి కావలసిన భాగాలు కూర్చి పెట్టెలలో అమ్ముతారు. మనకు మల్లిక్‌బజారు ఉన్నది. కలకత్తాలో ప్రాణము పోయిన కార్లన్నీ చివరకు చేరే చోటది. 1990ల తొలి ఏండ్లలో మా ఉత్తరపాడా కార్ఖానాయే జపానువారి ఇసుజు ఇంజనుతో, ఐదు గేర్లతో, నేలమీద రాడ్డుతో అంబాసిడరును వెలువరించినది. ఆ గేరుబాక్సు ఒకటి అక్కడ దొరికినది. పరాయిది కాదు, మనుమని వరుస అని నన్ను నేను సమాధానపరచుకొన్నాను.

సంగతి ఆసన్‌సోలులో ఉన్న చెల్లెలికి తెలిసి ఫోను చేసినది. "దాదా, నేనేమీ అడగలేదు. ఆ చోటు ఒక్కటీ ఉంచు" అన్నది. బండి బిగిసిపోయిన వైనము చెప్పాను. "రిపేరు చేయించు, మార్చకు" అన్నది. కొత్త కీళ్లు వేయించి ఆరు నెలలు నడిపి చూశాను, మరల బిగిసినది. ఆ మాట ఆమెకు చెప్పవలసినది. చెప్పక పని మొదలుపెట్టాను.

మొదట ఒప్పుకొన్న వర్క్‌షాపువారు పని చెడగొట్టారు. పాత ఇంజను వెనుక ముఖానికీ కొత్త బాక్సు నోటికీ బోల్టు కన్నాలు కలియవు. నడుమ ఒక ఇనుప పలక కావాలి. పలక చేశారు గాని, బాక్సు ముందు షాఫ్టు కొన ఇంజను క్రాంకు నడిబొడ్డున కూర్చోలేదు. వెంట్రుకవాసి తేడా. మూడువందల కిలోమీటర్లకు బేరింగు ఊళ పెట్టినది. తరువాత మల్లిక్‌బజారులోని ఒక ముసలి మిస్త్రీ దగ్గరకు పోయాను. అందరూ ఆయనను చాచా అంటారు. ఆయన చూసి, "ఇంజను కూడ ఇసుజుదే పెట్టుకో బాబూ, సగము ఖర్చు, సగము తలనొప్పి" అన్నాడు. నాన్నగారి ఇంజను తీయనన్నాను. ఆయన నవ్వి, హావ్‌డా సందులో తనకు తెలిసిన లేతు మిషనువానిచేత కొత్త పలక తిప్పించాడు. ముల్లు ఉన్న గడియారము పెట్టి, షాఫ్టును చేతితో త్రిప్పుతూ, ముల్లు కదలనంతవరకు రెండు రోజులు సరిచేశాడు. క్లచ్ ప్లేటుకు పాత అంచూ కొత్త నడుమూ పెట్టి రివెట్లు కొట్టాడు. కొత్త బాక్సు పొడవు గనుక వెనుక షాఫ్టును కోసి కురచ చేయించాడు. వేగము చూపే ముల్లు మాత్రము ఈనాటికీ అబద్ధమే చెప్పుచున్నది.

చివరకు నేలకు కన్నము పెట్టే రోజు వచ్చినది. సీటును నడుమ కోసి రెండుగా చేద్దామన్నాడు చాచా. వద్దన్నాను. ఆయన నా ముఖము చూసి, కారణమడుగక, రాడ్డును కొలిమిలో కాల్చి ముందుకు వంచాడు. సీటు నిలిచినది, కాని నడుమ కూర్చున్నవారు మోకాళ్లు ఒక ప్రక్కకు త్రిప్పుకోవాలి. స్టీరింగు కంబముమీది పాత రాడ్డును కూడ తీయనీయలేదు. అది ఇప్పుడు దేనికీ తగులుకొని లేదు. నా ఎడమచేయి మాత్రము చాలకాలము దానివద్దకే పోయేది.

పని 2013లో ముగిసినది. 2014 మే నెలలో ఉత్తరపాడాలో అంబాసిడరు తయారీ ఆగిపోయినది. చెల్లెలు రెండేండ్లు మా ఇంటికి రాలేదు. 2015 శీతకాలములో వచ్చి నాలుగు రోజులున్నది. కారు మాట ఎత్తలేదు. తిరుగు ప్రయాణమునాడు, బర్దమానులో రైలెక్కుతాను, అంతవరకు దింపమన్నది. వెనుక తలుపు తెరిచినది, మూసినది. ముందు తలుపు తెరిచి, అమ్మ కూర్చునే చోట కూర్చున్నది.

డాన్‌కుని దాటి రోడ్డు తెరపి ఇచ్చిన తరువాత రాడ్డును ఐదవ గేరులోకి నెట్టాను. ఇంజను గొంతు తగ్గినది. ఆమె తల త్రిప్పి చూసినది.

"ఇప్పుడేమి వేశావు, దాదా?"

"ఐదవది."

"బాబాకు నాలుగే కదా."

"నాలుగే. పాత కీళ్లు మార్పించినా మరల బిగిసినది. నీకు చెప్పలేదు."

ఆమె ఏమీ అనలేదు. సింగూరు దాటిన తరువాత కాబోలు, కొంచెము ఇటు జరిగి, మోకాళ్లు ప్రక్కకు త్రిప్పుకొని, చేయి చాచి కంబముమీది పాత రాడ్డును పట్టుకొన్నది. అది ఏ అడ్డూ లేక క్రిందికి జారినది. దానిని మరల పైకెత్తి, ఉన్నచోటనే ఉంచి, చేయి తీయక అట్లే కూర్చున్నది.