మూడు చిట్టాలు ఒక్కచోటికి

ఉగాది ముందు మారతహళ్లి ఆఫీసులో సభ్యుల వివరాలున్న సర్వర్‌లోకి ఎవరో దూరారని అనుమానం వచ్చింది. మేం చూసేసరికి సెక్యూరిటీ లాగ్‌లో రెండు రోజుల సంగతే మిగిలింది. విండోస్‌లో ఆ లాగ్ మామూలుగా 20 ఎంబీ. నిండితే పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటుంది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశంలో లాగ్‌లు 180 రోజులు ఉంచమంది. మేం చదివాం కూడా!

ఇప్పుడు మూడు సర్వర్ల లాగ్‌లూ ఎప్పటికప్పుడు వేరే మెషీన్‌లోని డేటాబేస్‌కి చేరుతున్నాయి. సర్వర్‌లో తుడిచేసినా అక్కడ ఉంటాయి. మొదటి వారంలోనే 4625లు, అంటే విఫలమైన లాగిన్‌లు, ఒక్కో సర్వర్‌లో ఐదారు కనిపించాయి. విడిగా చూస్తే ఎవరో పాస్‌వర్డ్ మరిచారనుకుంటాం. కలిపి చూస్తే అన్నీ ఒకే చిరునామా నుంచి, మాజీ కోశాధికారిగారి పాత ఖాతా మీదే. దాన్ని మూసేయడం మేమే మరిచాం. ఆ రోజే మూసేశాం. ఉగాది ముందు ఎవరొచ్చారో మాత్రం చెప్పలేం. సభ్యులంతా పాస్‌వర్డ్‌లు మార్చుకోండి.