శుక్రవారం గీత

గోల్ఫ్ పోటీల్లో శుక్రవారం సాయంత్రం ఒక గీత గీస్తారు. గురువారం మొదలై ఆదివారం ముగిసే ఆటలో రెండు రోజులు గడిచేసరికి మొదటి 65 స్థానాల్లో ఉన్నవాళ్లు, వాళ్లతో సమానంగా నిలిచినవాళ్లు గీతకు ఇవతల ఉంటారు. మిగతావాళ్లు పెట్టె సర్దుకోవాలి. అమెరికాలోని పీజీఏ టూర్‌లో చాలా పోటీలకు ఇదే పద్ధతి. దీన్ని ‘కట్’ అంటారు. కట్‌లో పోయినవాడికి ఆ వారం పోటీ సొమ్ములో పైసా రాదు. విమానం టికెట్టు, హోటలు గది, సంచీ మోసే క్యాడీకి ఇవ్వాల్సిన వారం కూలి మాత్రం ఎలాగూ తప్పవు. టీవీలో చూస్తే పచ్చిక మీద ఇస్త్రీ ప్యాంట్లతో నడిచే షావుకార్లలా కనిపిస్తారు గానీ, లెక్క ప్రకారం వాళ్లు రోజుకూలీలే. ఆడితే ఉంది, లేకపోతే లేదు.

2022 జూన్‌లో లండన్‌కు దగ్గర్లోని సెంచూరియన్ క్లబ్‌లో ఈ గీతను చెరిపేశారు. కొత్తగా పుట్టిన లివ్ గోల్ఫ్‌లో అప్పుడు 48 మంది ఆటగాళ్లు, మూడు రోజుల ఆట, కట్ అన్న మాటే లేదు. పెట్టుబడి సౌదీ అరేబియా ప్రభుత్వ నిధిది. ఆ మొదటి పోటీ గెలిచిన దక్షిణాఫ్రికా ఆటగాడు చార్ల్ ష్వార్ట్‌జెల్‌కు జట్టు వాటాతో కలిపి 47.5 లక్షల డాలర్లు వచ్చాయి. అందరికన్నా చివర నిలిచినవాడికీ 1,20,000 డాలర్లు దక్కాయి. లీగ్‌లో చేరినందుకు పెద్ద ఆటగాళ్లకు ముట్టజెప్పిన మొత్తాలు వేరే. ఫిల్ మికెల్సన్‌కు 20 కోట్ల డాలర్ల దాకా అని వార్తలొచ్చాయి.

గోల్ఫ్ లోకం ముక్కున వేలేసుకుంది. ఆటకు ద్రోహమన్నారు, సంప్రదాయానికి తిలోదకాలన్నారు. నాకైతే అది మన ఇళ్లలో తరతరాలుగా వినిపించే హితబోధ అమలుకొచ్చినట్టే అనిపించింది. ‘గవర్నమెంటు ఉద్యోగం చూసుకోరా నాయనా, ఎలా ఉన్నా ఒకటో తారీఖుకి జీతం పడిపోతుంది’ అని చెప్పని తెలుగు తండ్రి ఎవరున్నారు? బాగా చేసిన నెలా, సరిగా చేయని నెలా చేతికొచ్చేది ఒకటే కావాలని మనం కోరుకుంటాం. దానికోసం కోచింగ్ సెంటర్లలో ఏళ్లు ధారపోస్తాం. అదే కోరిక గోల్ఫ్ ఆటగాడికి పుడితే మాత్రం దురాశ అయిపోతుంది. నెలజీతం మీద బతికే మనం ఆ ఆటగాళ్ల మీద రాయి వేసేముందు కాస్త ఆలోచించుకోవాలి.

అయితే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న ఉంది. సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీని 2018లో ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో చంపేశారు. ఆ సంగతి తనకు తెలుసనీ, సౌదీవాళ్లు భయంకరమైన మనుషులనీ మికెల్సన్ తన జీవితచరిత్ర రాస్తున్న రచయితతో అన్నాడు. అయినా పీజీఏ టూర్ మెడలు వంచడానికి ఇది మంచి అవకాశమన్నాడు. ఆ మాటలు 2022 ఫిబ్రవరిలో బయటికొచ్చాక పెద్ద రగడే అయింది. క్షమాపణ చెప్పాడు. జూన్‌లో లివ్ మొదటి పోటీ ఆడాడు.

సౌదీ డబ్బు అనగానే తెలుగువాళ్లకు గోల్ఫ్ గుర్తు రాదు, జగిత్యాల గుర్తొస్తుంది. సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో ఎడారి దేశాలకు పోయిన మనిషి లేని వీధి అరుదు. రియాద్ వెళ్లినా దమ్మామ్ వెళ్లినా ఊరివాళ్ల లెక్కలో ‘దుబాయి పోయిండు’. ఏజెంటుకు కట్టడానికి మిత్తికి తెచ్చిన అప్పు, అక్కడికి వెళ్లాక కఫీల్ అనే యజమాని దయ. ఎండలో గోడలు కట్టి, ఒంటెలు కాసి పంపిన డబ్బుతో ఇక్కడ ఇంటికి స్లాబు పడుతుంది, చెల్లెలి పెళ్లవుతుంది. రాయచోటి, కోనసీమ వైపు నుంచి ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి వెళ్తారు. ఆ దేశాల్లో పాత్రికేయుల గతి ఏమిటని వాళ్లనెవరూ నిలదీయరు. నిలదీయకపోవడమే సభ్యత. ఎందుకంటే వాళ్లకు ‘పోను’ అనే అవకాశం దాదాపు లేదు. మికెల్సన్‌కు ఉంది. ఎడారి సొమ్ము ఇద్దరికీ అందింది, కానీ వద్దనగల శక్తి ఎవరికెంత ఉందో దాన్నిబట్టి తప్పు బరువు మారుతుంది. కూటి కోసం కోటి విద్యలన్నారు పెద్దలు. ఆ సామెత కూటి దగ్గర ఆగిపోతుంది. కూడు దొరికాక పడే పాట్లకు అది పూచీ పడదు.

లివ్‌లో చేరిన వాళ్లలో నాకు బాగా నచ్చినవాడు హెరాల్డ్ వార్నర్. నార్త్ కరోలినాలోని గ్యాస్టోనియా అనే ఊళ్లో, మునిసిపల్ మైదానంలో ఆట నేర్చుకున్న నల్లజాతి కుర్రాడు. 2022 ఆగస్టులో లివ్‌కు వెళ్తూ దాపరికం లేకుండా చెప్పాడు: ఈ డబ్బు కాదనుకునేంత చిన్నది కాదు, నేను ఏవి లేకుండా పెరిగానో నాకు తెలుసు, నా బిడ్డకు గట్టి పునాది ఉండాలి. ఆటను ప్రపంచమంతా పెంచడానికే వచ్చామని చెప్పుకునే సహచరుల మీద తర్వాత ఒక ఇంటర్వ్యూలో విసుక్కున్నాడు కూడా. వాళ్లు పెంచుకుంటున్నది జేబులేనని తేల్చేశాడు.

జాన్ రామ్ కథ వేరు. 2022లో ఆ స్పెయిన్ ఆటగాడు, 40 కోట్ల డాలర్లు వచ్చిపడినా తన జీవితంలో ఏమీ మారదనీ, తాను డబ్బు కోసం ఆడలేదనీ అందరి ముందూ అన్నాడు. 2023 డిసెంబరులో లివ్‌లో చేరాడు. 30 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందమని పత్రికలు రాశాయి. మొదటి మాట అబద్ధమని నేననను. ఆ రోజు అది నిజమే అయివుంటుంది. అంకె గాలిలో ఉన్నంతసేపు మనందరం నిస్వార్థులమే. కాగితం మీదికి దిగి, సంతకం కోసం ఖాళీ గీత కనిపించినప్పుడే అసలు పరీక్ష. అయితే ఆ సంతకానికీ ఒక ధర ఉంది. 2023లో రామ్ లాస్ ఏంజెలెస్‌లోని రివియెరా మైదానంలో జెనెసిస్ ఇన్విటేషనల్ గెలిచాడు. మరుసటి ఏడు ఆ టైటిల్ నిలబెట్టుకోవడానికి అక్కడ అడుగుపెట్టే వీల్లేకపోయింది. మంచి జీతానికి వెళ్లిన చాలామందికి ఇది తెలిసిన బాధే. ఎక్కువ డబ్బిచ్చే చోటికి వెళ్తాం గానీ, మనం బాగా చేయగలిగిన పని పాత చోటే ఉండిపోతుంది.

వెళ్లినవాళ్ల సంగతి ఇలా ఉంటే, నిలిచినవాళ్ల విధేయత మాత్రం ఉచితమా? లివ్ భయంతో పీజీఏ టూర్ గల్లాపెట్టె తెరిచింది. 2021లో ప్లేయర్స్ చాంపియన్‌షిప్ మొత్తం బహుమతి కోటిన్నర డాలర్లు. 2023కల్లా అది రెండున్నర కోట్లు. 2024లో బయటి పెట్టుబడిదారులు వచ్చాక, అంటిపెట్టుకున్న ఆటగాళ్లకు టూర్ వాణిజ్య సంస్థలో వాటాలు కూడా పంచారు. సౌదీ డబ్బును నైతికంగా ఖండించడానికి సెప్టెంబరు 11 మృతుల కుటుంబాల ప్రస్తావన తెచ్చిన టూర్ కమిషనర్ జే మోనహన్, 2023 జూన్ 6న అదే సౌదీ నిధి అధిపతి పక్కన కూర్చుని టీవీలో ఒప్పందం ప్రకటించాడు. నమ్ముకుని నిలిచిన ఆటగాళ్లలో చాలామందికి ఆ సంగతి వార్తల ద్వారానే తెలిసింది.

హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. పదేళ్లు నమ్మకంగా చేసినవాడికి నాలుగు శాతం హైక్. రాజీనామా మెయిల్ పెట్టినవాడికి సాయంత్రానికల్లా మేనేజర్ పిలుపు, కౌంటర్ ఆఫర్. వెళ్లిపోయేవాడి పుణ్యాన ఉన్నవాళ్లకు నాలుగు రూపాయలు పెరుగుతాయి. తర్వాత ఉన్నవాళ్లే, పోయినవాడికి కృతజ్ఞత లేదని చెప్పుకుంటారు. సంస్థ తన లెక్క తాను చూసుకుంటూ, ఉద్యోగి మాత్రం లెక్క చూడకూడదంటే అది నీతిబోధ కాదు, బేరం.

తెలుగువాళ్లకు ఈ తగువు కొత్తది కూడా కాదు. భాగవతాన్ని రాజుకు అంకితమిస్తే దక్కే సంపదను పోతన కాదన్నాడనీ, నాగలి పట్టి పొలం దున్నుకున్నాడనీ మనం చెప్పుకుంటాం. ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం చేయించుకున్న శ్రీనాథుడు చివరికి కౌలు చేసి, కృష్ణ పొంగి పంట పోగొట్టుకుని, పన్ను కట్టలేక అవమానాల పాలయ్యాడనీ చాటువులు చెబుతాయి. మన పాఠ్యపుస్తకాలు పోతన పక్షం, మన పెళ్లిచూపులు శ్రీనాథుడి పక్షం. కథలో నాకు ముఖ్యంగా కనిపించేది మాత్రం ఆ పొలం. రాజుకు వద్దని చెప్పాక ఇంటికెళ్లి దున్నుకోవడానికి పోతనకు కాస్త నేల ఉంది. త్యాగానికి కూడా అంతో ఇంతో ఆస్తి కావాలి. పొలం లేనివాడికి పోతనను ఆదర్శంగా చూపించడం సులువు. అతనికి కావలసింది ముందు పొలం.

అందుకే ఇంజనీరింగ్ చివరి సంవత్సరం కుర్రాణ్ణి ‘ఇష్టమైన పని వెతుక్కో’ అనడానికి నాకు నోరు రాదు. మెకానికల్ చదివి, యంత్రాలంటే ప్రాణం పెట్టి, చివరికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో కుదురుకున్నవాళ్లు మన ఇళ్లలో కోకొల్లలు. వీళ్లెవరూ ఆత్మను అమ్ముకోలేదు. నాన్న వ్యవసాయపు అప్పు, చెల్లెలి ఫీజు, అమ్మ మోకాళ్ల ఆపరేషన్ ఇవన్నీ ఆ ఆఫర్ లెటర్‌లో కనిపించని అక్షరాలతో రాసి ఉంటాయి. ఆ వయసులో డబ్బు కోసం ఉద్యోగం ఎంచుకోవడం లోభం కాదు, బాధ్యత.

చిక్కంతా తర్వాత వస్తుంది. అప్పు తీరుతుంది, చెల్లెలి పెళ్లవుతుంది. కారణం పోయినా అలవాటు పోదు. అప్పుడు మనమే కొత్త అవసరాలు తయారు చేసుకుంటాం. రెండు పడగ్గదుల ఇంటి ఈఎంఐ పూర్తయ్యేలోపే కోకాపేటలో ముప్పయ్యో అంతస్తు ఫ్లాటు చూస్తాం. దీనికి చుట్టుపక్కలవాళ్ల సాయం కూడా దండిగా అందుతుంది.

“ఏరా అబ్బాయ్, ఉద్యోగం మారావట, ప్యాకేజీ ఎంత?”

“పద్దెనిమిది, బాబాయ్.”

“అంతేనా? మా మేనల్లుడికి ముప్పై దాటింది.”

ఆ మేనల్లుడు ఏం పనిచేస్తాడో, రాత్రి ఎన్నింటికి పడుకుంటాడో బాబాయికి తెలియదు, అక్కర్లేదు కూడా. ఇక్కడ డబ్బు బియ్యం కొనే పని ఎప్పుడో మానేసింది, మార్కుల పట్టికగా మారింది. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో ముగించినవాడు గెలుస్తాడు, పైగా పద్దెనిమిదో గుంటతో ఆట అయిపోతుంది. ప్యాకేజీల ఆటకు ఆఖరి గుంట లేదు.

గోల్ఫ్‌లో అందరికన్నా ముందున్నవాడే ఈ సంగతి చెప్పాడు. 2024 ఒక్క ఏడాదిలోనే స్కాటీ షెఫ్లర్ పీజీఏ టూర్ పోటీల బహుమతులుగా 2.9 కోట్ల డాలర్లు దాటి సంపాదించాడు. 2025 జులైలో ఉత్తర ఐర్లండ్‌లోని పోర్ట్‌రష్‌లో ఓపెన్ చాంపియన్‌షిప్ మొదలయ్యే ముందు విలేకరులతో మాట్లాడుతూ, గెలిచిన ఆనందం కొన్ని నిమిషాలే ఉంటుందనీ, ఇంత కష్టం ఎందుకో తనకే అర్థం కాదనీ, మంచి తండ్రిగా ఉండటమే తనకు ముఖ్యమనీ అన్నాడు. ఆ ఆదివారమే నాలుగు దెబ్బల తేడాతో ఆ ఓపెన్ గెలిచేశాడు. కడుపు నిండినవాడి వేదాంతమని కొట్టిపారేయొచ్చు. కానీ నిండిన కడుపే నిండిందని ఒప్పుకోవడం ఎంత అరుదో చుట్టూ చూస్తే తెలుస్తుంది. మెక్సికో క్రీడాకారిణి లొరేనా ఒచోవా ఇంకో అడుగు వేసింది. 2010లో, ప్రపంచ మొదటి స్థానంలో ఉండగానే, 28 ఏళ్ల వయసులో ఆట నుంచి తప్పుకుంది. సొంత కుటుంబం, పేదపిల్లల చదువు కోసం తాను నడిపే సంస్థ చాలనుకుంది.

నన్నడిగితే, ఉద్యోగం ఎంచుకునేటప్పుడు డబ్బును పక్కన పెట్టమని ఎవరికీ చెప్పను. వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ అదనపు డబ్బు రాకపోతే నాకేమవుతుంది? ‘అప్పు తీరదు’, ‘పిల్లాడి చదువు ఆగుతుంది’ లాంటి జవాబు వెంటనే వస్తే, సిగ్గుపడకుండా వెళ్లాలి. అది లివ్ అయినా, దమ్మామ్ అయినా, టెస్టింగ్ అయినా. ‘ఏమీ కాదు, మేనల్లుడికి ఎక్కువొస్తుంది, అంతే’ అన్నది జవాబైతే, ఇక చూడాల్సింది పనిని. సోమవారం పొద్దున చేతిలో ఉండే పని ఏది, పక్కన ఉండే మనుషులెవరు, వాళ్ల డబ్బు తీసుకున్నాక నోరు మూసుకోవలసిన విషయాలు ఏవి అన్నది.

ఇంత ఆలోచించాక కూడా డబ్బే కావాలనిపిస్తే, అలాగే కానీ. అయితే వార్నర్‌లా పైకి చెప్పాలి. డబ్బు కోసమే వెళ్తున్నానని చెప్పగలిగినవాడు, సరిపడా వచ్చింది, ఇక చాలని కూడా ఏదో ఒక రోజు చెప్పగలుగుతాడు. ఆటను పెంచడానికే వెళ్తున్నానన్నవాడికి ఆ రోజు రాదు. ఎంత పెంచితే చాలో ఆ లెక్కలో ఎక్కడా ఉండదు మరి.